చిత్రసాక్ష్యము: డ్రోను పుట్టినిల్లు తెలిసికొనుట ఎట్లు?

గత సంవత్సరము ఏప్రిల్ నెలాఖరున మా భౌతికశాస్త్ర తరగతిలో జరిగిన ఒక చిన్న సంఘటన ఈ వ్యాసమునకు మూలము. ఒక విద్యార్థి తన ఫోనులో ఒక చిత్రమును తెచ్చి చూపినాడు. నీలిరంగు రేకుల కప్పు గల పొడవైన షెడ్డు, దాని ముందు సిమెంటు చేసిన విశాలమైన ఆవరణ, ఒక మూల రెక్కలు చాచి నిలిచిన తెల్లని చిన్న విమానము. క్రింద ఇట్లు వ్రాసి యున్నది: "హైదరాబాదులో డ్రోన్లు తయారు చేయు కర్మాగారము. నిన్న మిట్టమధ్యాహ్నము తీసిన చిత్రము." ఇది నిజమేనా అని అతడు అడిగినాడు. హైదరాబాదులో అట్టి కర్మాగారము కలదని పత్రికలలో చదివి యుంటిని గనుక, "అవును, అదే అయి యుండును" అని అంటిని.

వెనుక బెంచీ నుండి ఒక విద్యార్థిని లేచి, "సార్, ఏప్రిల్ నెలలో మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ళ దగ్గరే ఉంటుంది గదా! ఇందులో దీపస్తంభం నీడ స్తంభం కంటె పొడుగ్గా ఉందేమిటండీ?" అని అడిగినది. తరగతి అంతయు నవ్వినది. నేనును నవ్వితిని గాని, ఆ నవ్వులో కొంత సిగ్గు లేకపోలేదు.

ఆ బాలిక చెప్పినది అక్షరాలా సరియైనది. హైదరాబాదు ఉత్తర అక్షాంశము సుమారు 17.4 డిగ్రీలు. ఏప్రిల్ 25 ప్రాంతమున సూర్యుడు 13 డిగ్రీల ఉత్తరమున ఉండును. అనగా మిట్టమధ్యాహ్నము నడినెత్తికి నాలుగు డిగ్రీలు మాత్రమే ప్రక్కకు ఒరిగి యుండును. అప్పుడు ఇరువది అడుగుల స్తంభమునకు ఒకటిన్నర అడుగు నీడ మాత్రమే పడవలెను. చిత్రములోని నీడ ముప్పది అడుగులకు తక్కువ లేదు. కనుక అది మధ్యాహ్నమైనను కాకపోవలెను, హైదరాబాదైనను కాకపోవలెను. ఆ సాయంత్రము పాత చిత్రములను వెదకగా అదే షెడ్డు, విమానము లేకుండ, ఇనుప రేకులు అమ్ము ఒక విదేశీ వ్యాపారి ప్రకటనలో కనబడినది. విమానమును ఎవరో తరువాత అతికించినారు. మరునాడు తరగతిలో నా పొరబాటును ఒప్పుకొని, ఈ విద్యను క్రమముగా చెప్పెదనని మాట యిచ్చితిని. ఆ పాఠములే ఇక్కడ వ్యాసరూపము దాల్చినవి.

అందరికిని అందుబాటులో నున్న చిత్రముల సాయముతో, అనగా ఉపగ్రహ చిత్రములు, పత్రికల ఛాయాచిత్రములు, ప్రజలు తమ ఫోనులలో తీసిన చలనచిత్రములు మొదలగు వానితో, ఒక ఆయుధము ఏది, ఎవరిది, ఎక్కడ తయారైనది అను విషయములను నిర్ధారించుట నేడొక శాస్త్రముగా పెంపొందినది. 2014 జూలై 17న ఉక్రెయిన్ గగనతలమున మలేషియా విమానము కూల్చబడినపుడు, దానిని కూల్చిన క్షేపణి వాహనము ఏ రహదారుల మీదుగా వచ్చినదో సామాన్యులు తీసిన చిత్రముల నుండియే బెల్లింగ్‌క్యాట్ అను పరిశోధక బృందము నిరూపించినది. అంతవరకు గూఢచారి శాఖలకే సాధ్యమనుకొన్న పనిని గదిలో కూర్చున్న పౌరులు చేయగలరని లోకమునకు అప్పుడు తెలిసినది.

ఈ చిత్రములు మనకు అందుబాటులోనికి వచ్చిన చరిత్రలో మన తెలుగునేలకు కూడ స్థానము కలదు. 1974లో స్థాపింపబడిన జాతీయ దూరసంవేదన సంస్థ హైదరాబాదు కేంద్రముగా పనిచేసినది. షాద్‌నగరు వద్దనున్న దాని గ్రాహక కేంద్రము 1979 నుండి అమెరికా వారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ సంకేతములను స్వీకరించినది. 1988 మార్చి 17న మన స్వంత ఐ.ఆర్.ఎస్. 1ఏ ఉపగ్రహము కక్ష్యకు చేరినది. ఆ సంస్థయే 2008లో జాతీయ దూరసంవేదన కేంద్రముగా మారి, 2009లో ఇస్రో 'భువన్' పటమును ప్రజలకు అందించుటలో ప్రధాన పాత్ర వహించినది. 2005లో గూగుల్ ఎర్త్ వెలువడిన కొలది నెలలకే నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు హైదరాబాదులో పోలీసు అధికారుల సమావేశమున, ఇట్టి చిత్రములు దుష్టుల చేతికి చిక్కినచో కలుగు అపాయమును గురించి హెచ్చరించినారు. ఉపగ్రహమును ప్రయోగించుట తెలిసిన శాస్త్రవేత్తయే ఆ హెచ్చరిక చేసినాడన్న సంగతి మరువరాదు. ఆ ప్రశ్న నేటికిని తీరలేదు. ఈ వ్యాసములోనే మరల దానిని ఎదుర్కొందుము.

ఇక అసలు విషయము. ఉపగ్రహ చిత్రమును గళ్ళ కాగితముగా భావింపుడు. ఒక్కొక్క గడికి ఒకే రంగు. గడి నేలపై ఎంత వెడల్పును సూచించునో దానిని బట్టి మనకు కనబడునది, కనబడనిది తేలును. ఐరోపా వారి సెంటినెల్ 2 చిత్రములు 2015 నుండి ఎవరికైనను ఉచితముగా లభించుచున్నవి. వానిలో గడి వెడల్పు 10 మీటర్లు. మన కాలువలు, వరిచేలు, రైలుమార్గములు అందులో చక్కగా కనబడును. కాని హెర్మెస్ 900 అను డ్రోను రెక్కల కొస నుండి కొసకు 15 మీటర్లు మాత్రమే. అది ఆ చిత్రములో ఒకటిన్నర గడి. అనగా ఒక మసక చుక్క. అదే అర మీటరు గడి గల వాణిజ్య ఉపగ్రహ చిత్రమైనచో అదే రెక్క ముప్పది గడులు ఆక్రమించును. అప్పుడు రెక్క, తోక, మొండెము వేరు వేరుగా గుర్తింపవచ్చును. ఉచిత చిత్రములో డ్రోనును చూచితిమని ఎవరైనను చెప్పినచో ముందుగా గడి కొలత అడుగుడు. సగము వాదములు అక్కడే ముగియును.

గడులు లెక్కించి రెక్కల కొలత తెలిసికొన్న పిమ్మట ఆకారమును పోల్చవలెను. టర్కీ వారి బైరక్తార్ టి.బి.2 రెక్కలు 12 మీటర్లు. చైనా వారి వింగ్ లూంగ్ మొదటి రకము 14 మీటర్లు, రెండవ రకము 20 మీటర్లకు కొంచెము పైన. అమెరికా వారి రీపరు 20 మీటర్లు. ఇరాను వారి మొహాజెర్ 6 సుమారు 10 మీటర్లు. కొలత ఒక్కటే చాలదు, ఏలయన వింగ్ లూంగ్ రెండవ రకము, రీపరు ఇంచుమించు ఒకే కొలతవి. తోకను చూడవలెను. హెర్మెస్, వింగ్ లూంగ్, రీపరుల తోక పక్షి రెక్కలు పైకెత్తినట్లు రెండుగా విచ్చుకొని యుండును. టి.బి.2, మొహాజెర్‌లకు మొండెము వెనుక రెండు సన్నని దూలములు వెడలి తోకను మోయును. మన పల్లెలలో దూరము నుండి పక్షిని చూచి గ్రద్దో, కొంగో చెప్పు రైతు చేయు పనియే ఇది. ఇథియోపియాలోని సెమెరా విమానాశ్రయమున 2021లో కనబడిన డ్రోను మొహాజెర్ 6 వలె నున్నదని పరిశోధకులు తేల్చినది ఇట్టి పోలికల వలననే.

ఇక్కడ విద్యార్థులు తప్పక పొరబడు తావు ఒకటి కలదు. ఆకారము తెలిసినచో రూపకల్పన ఎవరిదో తెలియును. కర్మాగారము ఎక్కడిదో తెలియదు. ఒకే అచ్చు రెండు దేశములలో పోయవచ్చును. హెర్మెస్ 900 అట్టిదే. దీనిని గురించి తరువాత చెప్పెదను.

ఆకారము తరువాతి సాక్ష్యము శకలము. 2022 జనవరి 7న ఇథియోపియాలోని తిగ్రాయి ప్రాంతమున, దెదెబిత్ అను చోట నిరాశ్రయులు తలదాచుకొన్న పాఠశాలపై డ్రోను దాడి జరిగి యాభై మందికి పైగా మరణించినారు. సహాయ కార్యకర్తలు అచ్చట దొరికిన బాంబు శకలములను ఫోటోలు తీసినారు. ఆ రెక్కల తీరును, మరలను, కొలతలను తయారీదారుల చిత్రములతో పోల్చి చూచిన నిపుణులు అది టర్కీ సంస్థ రొకెత్సాన్ తయారు చేసిన మామ్ ఎల్ అను బాంబు అని తేల్చినారు. ఆ బాంబును మోయు టి.బి.2 డ్రోను ఇథియోపియాలో ఉన్నదని మరికొన్ని చిత్రముల వలన తెలిసినది. చూడుడు, శిథిలముల మధ్య పడియున్న అరచేతి పొడవు ఇనుప ముక్క వేల మైళ్ళ దూరమున నున్న కర్మాగారము పేరు చెప్పినది!

కాని అన్ని ముక్కలును ఇంత నమ్మకమైనవి కావు. 2024 జూన్ నెలలో గాజాలోని నుసైరాత్ శిబిరముపై దాడి జరిగిన పిమ్మట వెలువడిన ఒక చలనచిత్రములో, క్షేపణి శకలములపై "మేడిన్ ఇండియా" అన్న చీటీ కనబడినట్లు అల్ జజీరా వార్తాసంస్థ వ్రాసినది. మన దేశమున చాల మంది దానిని చూచి కలత చెందినారు. నేనును కలత చెందితిని. అయినను పరీక్షకుని దృష్టితో చూచినచో, చీటీ ఏ భాగమునకు అతికి యున్నదో ఆ భాగము ఎక్కడ తయారైనదో మాత్రమే అది చెప్పును. ఆయుధమును కూర్చినవారెవరో, ఆ భాగము ఏ బేరము మీద, ఎన్ని చేతులు మారి అచ్చటికి చేరినదో చీటీ చెప్పదు. ఉక్రెయిన్‌లో కూలిన ఇరాను డ్రోన్లను విప్పి చూడగా అమెరికా సంస్థల చిప్పులు విశేషముగా కనబడినవి. అందువలన ఆ డ్రోన్లను అమెరికా సరఫరా చేసినదని ఎవరును అనరు గదా! ఉర్దూలో గవాహీ అన్నను, తెలుగులో సాక్ష్యమన్నను నియమము ఒక్కటే: సాక్షి తాను చూచినదే చెప్పవలెను. మనకు ఇష్టమైన వాదమునకు అనుకూలముగా నున్నదని చిత్రము చేత చూడనిదానిని చెప్పింపరాదు.

ఇప్పుడు కర్మాగారము చిరునామా కనుగొనుట ఎట్లో చూతము. ఇందుకు రష్యాలోని అలబూగ చక్కని ఉదాహరణము. రష్యా ఉక్రెయిన్‌పై ప్రయోగించు షాహెద్ 136 డ్రోను ఇరాను వారి రూపకల్పన. త్రికోణాకారము, రెక్కలు రెండున్నర మీటర్లు మాత్రమే. అర మీటరు గడిలో అది ఐదు గడులు. దానిని ఉపగ్రహ చిత్రములో వెదకుట వ్యర్థము. కనుక పరిశోధకులు డ్రోనును గాక కట్టడమును వెదకినారు. 2023 జూన్ 9న అమెరికా ప్రభుత్వము ఒక ఉపగ్రహ చిత్రమును విడుదల చేసి, మాస్కోకు తూర్పున తాతర్‌స్థాన్‌లోని యెలబూగ పట్టణము చెంత, అలబూగ ప్రత్యేక ఆర్థిక మండలములోని ఫలానా కట్టడములు డ్రోను కర్మాగారము కానున్నవని చెప్పినది. ప్రభుత్వము చెప్పినంత మాత్రమున అది సాక్ష్యము కాదు. యుద్ధకాలమున ఏ ప్రభుత్వమైనను తనకు పనికివచ్చునదే చెప్పును. అయితే అదే సంవత్సరము ఆగస్టులో కర్మాగారపు అంతరంగిక పత్రములు వాషింగ్టన్ పోస్టు పత్రికకు చిక్కినవి. 2025 వేసవి నాటికి 6000 డ్రోన్లు తయారు చేయవలెనన్న లక్ష్యము అందులో ఉన్నది. వాషింగ్టనులోని ఒక స్వతంత్ర పరిశోధన సంస్థ ఆ పత్రముల వివరములను ఉపగ్రహ చిత్రములతో సరిపోల్చినది. పత్రము, చిత్రము, ప్రకటన మూడును వేరు వేరు దారులలో వచ్చి ఒకే కట్టడమును చూపినప్పుడు చిరునామా స్థిరపడినది.

తరువాత జరిగినది విద్యార్థులైన మీరు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. ఆ కర్మాగారమున పని చేసినవారిలో స్థానిక వృత్తివిద్యా కళాశాల విద్యార్థులు ఉన్నారు. కొందరికి పదునారేండ్లు. ఉగాండా, కెన్యా, నైజీరియా మొదలగు ఆఫ్రికా దేశముల నుండి పద్దెనిమిది, ఇరువది రెండేండ్ల నడుమ వయసు గల సుమారు రెండు వందల యువతులను హోటలు పని, వడ్డన పని అని ప్రకటనలు చూపి రప్పించి డ్రోన్లు కూర్చు పనిలో పెట్టినారని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2024 అక్టోబరులో వెల్లడించినది. అంతకు ముందే, 2024 ఏప్రిల్ 2న, ఉక్రెయిన్ తన సరిహద్దుకు వెయ్యికి పైగా కిలోమీటర్ల దూరమున నున్న అలబూగపై డ్రోనుతో దాడి చేసినది. దెబ్బ తగిలినది కర్మాగారమునకు కాదు, విద్యార్థులు, యువ కార్మికులు నివసించు వసతిగృహమునకు. పదిమందికి పైగా గాయపడినట్లు నాటి వార్తలు చెప్పినవి. ఆ దాడికి ఎవరి చిత్రము ఆధారమైనదో చెప్పజాలము, ఉక్రెయిన్ సైన్యమునకు తన స్వంత మార్గములు గలవు. అయినను ఒక కట్టడముపై వేలు పెట్టి "ఇదే" అని ప్రకటించువాడు, దాని ప్రక్క కట్టడములో ఎవరు నిద్రించుచున్నారో కూడ ఆలోచింపవలసి యున్నది. కలాముగారి హెచ్చరిక నాకు ఈ కథ చదివినప్పుడే పూర్తిగా అర్థమైనది.

ఇక మన హైదరాబాదు సంగతి. ఇక్కడ చిరునామా వెదకవలసిన పనిలేదు. అది దాచబడినది కాదు. 2018 డిసెంబరు 14న, అదానీ సంస్థయు ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ సంస్థయు కలసి హైదరాబాదులో నెలకొల్పిన డ్రోను కర్మాగారమును నాటి తెలంగాణ హోంమంత్రి మహమ్మద్ మహమూద్ అలీగారు ప్రారంభించినారు. యాభైవేల చదరపు అడుగుల కట్టడము. ఇజ్రాయెల్ వెలుపల హెర్మెస్ 900 తయారు చేయు మొట్టమొదటి కర్మాగారమని అప్పుడు ప్రకటింపబడినది. తొలుత కర్బన పోగులతో చేయు విమాన దేహభాగములు తయారు చేయుట దాని పని. 2024 జనవరి 10న అదే నగరమున నౌకాదళాధిపతి అడ్మిరల్ హరికుమార్‌గారు 'దృష్టి 10' అను డ్రోనును ఆవిష్కరించినారు. ఆనాటి పత్రికలలోని చిత్రములను చూడుడు. పొడవైన సన్నని రెక్కలు, విచ్చుకొన్న తోక, వెనుకనుండి త్రోయు పంకా. హెర్మెస్ 900 రూపమే. 2025 జనవరిలో నౌకాదళమునకు అప్పగించుటకు ముందు పరీక్షలు జరుగుచుండగా అట్టిదొకటి పోరుబందరు తీరమున సముద్రములో కూలినది. ఇంతవరకు అంతయు బహిరంగమే.

చిక్కు ఇక మీదట ఆరంభమగును. 2024 ఫిబ్రవరిలో షెఫర్డ్ అను బ్రిటిషు రక్షణరంగ పత్రిక, హైదరాబాదు కర్మాగారము నుండి ఇరువదికి పైగా హెర్మెస్ 900 డ్రోన్లు ఇజ్రాయెల్‌కు అందజేయబడినవని వ్రాసినది. అప్పటికి ఇరు దేశములలో దేనిచేతను ఆ సంగతి బహిరంగముగా ప్రకటింపబడలేదు. గాజాపై హెర్మెస్ 900 ఎగురుట కొత్త కాదు. 2014 జూలై యుద్ధమునందే ఇజ్రాయెల్ సైన్యము దానిని తొలిసారి వాడినది. కావున ప్రశ్న ఇది: నేడు గాజా ఆకాశమున ఎగిరిన ఫలానా డ్రోను హైదరాబాదులో పుట్టినదా, ఇజ్రాయెల్‌లో పుట్టినదా?

ఈ ప్రశ్నను తరగతిలో నల్లబల్లపై వ్రాసి, చిత్రములు ఎంతవరకు జవాబు చెప్పగలవో విద్యార్థులనే తేల్చుకొనుమంటిని. కర్మాగారము ఉన్నదా? ఉన్నది, ప్రారంభోత్సవ చిత్రములు చాలును. అక్కడ హెర్మెస్ రూపము గల విమానము తయారగునా? అగును, 2024 జనవరి చిత్రములు సాక్ష్యము. గాజాపై హెర్మెస్ రూపము ఎగిరినదా? ఎగిరినది. ఈ మూడు "అవును"లను కలిపి నాలుగవ "అవును" చెప్పవచ్చునా? ఆవేశపరుడైన ఒక విద్యార్థి "చెప్పవచ్చునండీ" అన్నాడు. చెప్పరాదు. ఒకే రూపము రెండు కర్మాగారములలో పుట్టుచున్నదని ముందే చెప్పితిని. రెక్కను ఎంత స్పష్టముగా చూచినను, దానిని పోసిన అచ్చు ఏ ఊరిదో తెలియదు. తెలియవలెనన్నచో ఎగుమతి పత్రము కావలెను, లేదా కూలిన యంత్రములోని వరుస సంఖ్య కావలెను, లేదా లోపలివారి వాంగ్మూలము కావలెను. పత్రిక వ్రాసిన వార్త అబద్ధమని నేననుట లేదు. ఆ పత్రికకు రక్షణరంగమున పేరున్నది. అది చిత్రసాక్ష్యము కాదు, వార్తాసాక్ష్యము. రెంటికిని తూనిక వేరు.

ఈ తేడా పండితుల చర్చ కొరకు కాదు. ఇజ్రాయెల్‌కు ఆయుధముల ఎగుమతిని నిలుపవలెనని కోరుచు దాఖలైన వ్యాజ్యమును మన సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 9న కొట్టివేసినది. విదేశాంగ విధానము తమ పరిధి కాదన్నది న్యాయస్థానము చెప్పిన కారణము. కనుక ఆ తీర్పు సాక్ష్యముపై వచ్చినది కాదు. కాని ఇట్టి ప్రశ్నలు రేపు మరియొక వేదికపై, పార్లమెంటులోనో, పత్రికలోనో, ఇంకొక దేశపు న్యాయస్థానములోనో మరల వచ్చును. అప్పుడు దీపస్తంభపు నీడ చూడక పంచిపెట్టిన ఒక్క దొంగ చిత్రము చాలును, నిజమైన పది చిత్రములను సహితము కొట్టిపారవేయుటకు. మా తరగతిలోని ఆ ఇనుప రేకుల షెడ్డును నమ్మి నేను పదిమందికి పంపి యుంటినేని, చనిపోయినవారి పక్షమున మాట్లాడువారికి నేను చేసిన మేలు ఏమి?

తొందరపడి చిత్రము చదువుట వలన ప్రాణములే పోయిన సందర్భము కలదు. 2021 ఆగస్టు 29న కాబూలులో ఒక తెల్లని కారును అమెరికా డ్రోను గంటల తరబడి వెంబడించినది. డబ్బాలు ఎక్కించుట చూచినారు, అవి పేలుడు పదార్థములనుకొన్నారు. క్షేపణి వదలినారు. పదిమంది మరణించినారు, వారిలో ఏడుగురు పిల్లలు. ఆ కారు నడిపినవాడు ఒక సహాయసంస్థ ఉద్యోగి. న్యూయార్కు టైమ్సు విలేకరులు ఆ సంస్థ కార్యాలయపు కెమెరా చిత్రములను తెప్పించి చూడగా, అతడు ఇంటికి తీసికొనిపోవుటకు డబ్బాలలో నీళ్ళు నింపుట కనబడినది. సెప్టెంబరు 17న అమెరికా సైన్యము తన పొరబాటును ఒప్పుకొన్నది. ఆకాశము నుండి చూచిన కెమెరా కాబూలులోకెల్ల ఖరీదైనది. నిజము చెప్పినది మాత్రము గోడకు బిగించిన చవుకబారు కెమెరా. డబ్బాను పైనుండి చూచినవారికి డబ్బా కనబడినది గాని నీళ్ళు కనబడలేదు. మిగిలినది వారి అనుమానము పూరించినది.

మన ప్రాంతపు విద్యార్థులకు ఒక ముఖ్యమైన మాట. బాపట్ల చెంత సూర్యలంకలో వాయుసేన క్షేపణి ప్రయోగ కేంద్రము ఉన్నదని మీకు తెలియును. ఈ విద్య నేర్చితిమి గదా అని అట్టి చోట్ల ఫోటోలు తీయుట, డ్రోన్లు ఎగురవేయుట తగదు. 1923 నాటి అధికార రహస్యముల చట్టము నేటికిని అమలులో నున్నది. డ్రోన్లు ఎగురవేయుటకు 2021 నిబంధనలు వేరుగా గలవు. అభ్యాసమునకు రక్షణస్థలములే కావలెనన్న నియమము లేదు. మన ఊరే చాలును.

ఉపగ్రహ చిత్రములో తెనాలిని కనుగొనుట ఎట్లో ప్రయత్నింపుడు. ఊరి పేరు చెప్పకుండ చిత్రమును మాత్రమే ఇచ్చినచో ఏమి చూచి గుర్తింతురు? ఊరి నడుమ నుండి సాగు కాలువలు ఒక గుర్తు, కాని కృష్ణా డెల్టాలో కాలువ లేని ఊరు అరుదు. రైలుమార్గములు చూడుడు. విజయవాడ, గుంటూరు, బాపట్ల, రేపల్లె వైపులకు నాలుగు దారులు ఒక్కచోట కలియు పట్టణము ఈ డెల్టాలో తెనాలి తప్ప వేరొకటి లేదు. చిత్రము ఏ మాసములోనిదో పొలములు చెప్పును. వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మట చేలు బూడిదరంగుగా నుండును. ఊడ్పుల వేళ నీటి తళుకు, పిదప నిండు పచ్చదనము. కోతల తరువాత మినుము, మొక్కజొన్నల మచ్చలు. మా విద్యార్థులలో వ్యవసాయ కుటుంబముల పిల్లలు ఈ పనిలో నా కంటె చాల ముందున్నారు. పట్టణపు పిల్లలు వారి వద్ద నేర్చుకొనుట చూచి సంతోషించితిని.

బాపట్లకు పడమటి దిక్కున కొరిశపాడు, రేణంగివరముల మధ్య జాతీయ రహదారిపై ఒక వింత కనబడును. సుమారు నాలుగు కిలోమీటర్ల మేర రోడ్డు నడిమి విభాగిని లేకుండ, బాణము వలె తిన్నగా, తెల్లని కాంక్రీటుతో నుండును. చిత్రము మాత్రమే చూచిన ఒక విద్యార్థి అది రహస్య విమానాశ్రయమని వ్రాసినాడు. ఆపత్సమయమున విమానములు దిగుటకు నిర్మించినది, 2022 డిసెంబరులోను, 2024 మార్చిలోను వాయుసేన ప్రజలందరు చూచుచుండగా పరీక్షించినది. పాత దినపత్రికలు తిరుగవేసినచో ఐదు నిమిషములలో తెలియును. చిత్రమును చూచిన చేతితోనే పత్రికను కూడ తిప్పవలెను.

కడపట ఒక ప్రయోగము. మార్చి 21న గాని, సెప్టెంబరు 23న గాని, కళాశాల ఆవరణలో ఒక మీటరు కర్రను నిట్టనిలువుగా పాతుడు. మార్చిలో 12 గంటల 15 నిమిషములకు, సెప్టెంబరులో సరిగా 12 గంటలకు దాని నీడ అతి పొట్టిదగును. తెనాలి అక్షాంశము 16.24 డిగ్రీలు గనుక ఆ నీడ 29 సెంటీమీటర్లు ఉండవలెను. నీడను కొలిచి, త్రికోణమితి పట్టికతో అక్షాంశమును లెక్కకట్టుడు. గత సెప్టెంబరులో మా విద్యార్థుల నాలుగు జట్లు ఈ ప్రయోగము చేసినవి. ఒక జట్టు వారి కర్ర కొంచెము వంగి, నీడ ఒక సెంటీమీటరు తగ్గినది. సెంటీమీటరే గదా అని వారు అనుకొన్నారు. లెక్క చేయగా వారి తెనాలి అరువది కిలోమీటర్లు దక్షిణమునకు జరిగి, నిజాంపట్నము దాటి, సముద్రములో తేలినది.